పిన్నీ బొంగరమూ ఎక్కిన బస్సు

పిన్ని యూనివర్సిటీలో చేరిన మొదటిరోజు, ఆవిడ తరగతి గదిలో అడుగుపెట్టడమే తడవు పిల్లలందరూ గబగబా లేచి నిలబడ్డారు. పాఠం చెప్పే మేడం అనుకున్నారు పాపం. తన వెనక ఎవరైనా పెద్దమనిషి వస్తున్నారేమోనని ఆవిడ కూడా వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ లేరు. "కూర్చోండి నాయనా, నేనూ మీలాగే వినడానికొచ్చాను" అంటూ ఓ బెంచీ చివర ఒదిగి కూర్చుంటే గది గదంతా గొల్లుమంది. ఆవిడా నవ్వింది. ఇంటికొచ్చి ఫోనులో అక్కకి చెప్పి మళ్ళీ నవ్వింది. చెవులు మాత్రం సాయంత్రం దాకా వేడిగానే ఉన్నాయి.

నలభై దాటాక చదువేమిటని అడిగినవాళ్ళు లేకపోలేదు. రెండు జడలు వేసుకునే వయసులోనే కళ్ళజోళ్ళ దుకాణంలో పనికి కుదిరిన మనిషి. ఎవరి ముక్కు మీద ఏ ఫ్రేము నిలుస్తుందో, ఎవరి చెవి వెనక కాడ ఎంత వంచాలో చూస్తూనే ఇన్నేళ్ళూ గడిపింది. పెళ్ళి మాట వచ్చినప్పుడల్లా మొదట్లో ఏదో ఒకటి అడ్డంపడేది. తర్వాత ఆవిడే అడ్డంపడటం మొదలుపెట్టింది. ఒక్క రాళ్ళంటే మాత్రం చిన్నప్పట్నుంచీ పిచ్చి. ఏ వాగు పక్కకి వెళ్ళినా, ఏ కొండ ఎక్కినా సంచీలో రాళ్ళు వేసుకుని వచ్చేది. "అందరూ నాలుగు రాళ్ళు వెనకేసుకోమంటే మా చెల్లెలు నిజంగానే వెనకేసింది" అని అక్క ఊరంతా చెప్పుకుని నవ్వేది. దుకాణం యజమాని పెద్దవాడైపోయి షట్టరు దించేశాక, పిన్ని ఎవరికీ చెప్పకుండా భూగర్భశాస్త్రం డిగ్రీకి దరఖాస్తు పెట్టింది. సీటు వచ్చేసింది.

అదే యూనివర్సిటీలో అక్క కూతురు లెక్కలు చదువుతోంది. ఆ పిల్లని ఇంట్లో అందరూ బొంగరం అంటారు. నడక వచ్చిన నాటినుంచీ ఒకచోట నిలిచింది లేదు. అక్కకి ఇంతకంటే ఏం కావాలి? వేరే ఊళ్ళో తన లాండ్రీ దుకాణం వదిలి రాలేని మనిషి, చెల్లెల్నీ కూతుర్నీ యూనివర్సిటీ గేటుకి ఎదురుగా ఓ మూడో అంతస్తు వాటాలో కలిపి పెట్టేసింది. రెండు చిన్న గదులు, ఒక వంటిల్లు, వంటింటి కిటికీ పక్కన ఇద్దరికి సరిపోయే బల్ల. వెళ్ళేముందు పిన్నిని పక్కకి పిలిచి, "పిల్ల జాగ్రత్తే, ఓ కంట కనిపెట్టి ఉండు" అంది. కనిపెట్టి ఉంటానని పిన్ని మాటిచ్చింది.

మొదటి నెలలు బాగానే గడిచాయి. పిన్ని సూక్ష్మదర్శినిలో పలచటి రాతిపొరలు చూసి, వాటిలో రంగులు చూసి, పండగ చేసుకునేది. ఇంటికి రాగానే "ఒసేయ్, ఇవాళ ఏం చూశానో తెలుసా" అని మొదలుపెడితే బొంగరం చెంచా పట్టుకుని వినేది.

తర్వాత సెమినార్ వచ్చింది. ఒక్కొక్కరూ వంతు ప్రకారం క్లాసు ముందు నిలబడి ఏదో ఒక అంశం మీద మాట్లాడాలి. పిన్నికి ఏటిగట్టు గులకరాళ్ళు వచ్చాయి. వాటి గురించి ఆవిడకంటే బాగా చెప్పగలిగినవాళ్ళెవరు! వంటింట్లో గిన్నెల్నీ గ్లాసుల్నీ వరసగా పెట్టి వాటికి ఎన్నిసార్లు ఉపన్యాసం ఇచ్చిందో లెక్కలేదు. గిన్నెలు బుద్ధిగా విన్నాయి.

క్లాసులో బోర్డు ముందు నిలబడేసరికి కథ అడ్డం తిరిగింది. ఎదురుగా అన్నీ నవనవలాడే మొహాలు. ముందు బెంచీలో ఒకమ్మాయి ఫోను పైకెత్తింది. నన్ను వీడియో తీస్తోంది కాబోలు అనుకుంది పిన్ని. అంతే, నాలిక పిడచగట్టుకుపోయింది. "గులక..." అంది. గుటక మింగి మళ్ళీ "గులక..." అంది. ఎక్కడో ఎవరో కిసుక్కుమన్నారు. "ఒక్క నిమిషం" అని బయటికి వచ్చి, మొహం కడుక్కుని, అద్దంలో తనని తాను చూసుకుని, మళ్ళీ లోపలికి వెళ్ళబోతే కాళ్ళు సాగలేదు. సంచీ కూడా తీసుకోకుండా ఇంటికి వచ్చేసింది.

మర్నాడు బయల్దేరింది. గేటు దాకా వెళ్ళింది. కళ్ళు తిరిగినట్టయింది. ఆ పక్కనే బస్సు ఆగి ఉంది. ఊరంతా చుట్టి మళ్ళీ అదే గేటు దగ్గరికి వచ్చే బస్సు అది. ఎక్కి కూర్చుంది. ఒక్క చుట్టు తిరిగి దిగిపోదామనుకుంది గానీ, తిరిగొచ్చాక కూడా గేటు గేటులాగే ఉంది. దిగలేదు.

ఆ తర్వాత అదే అలవాటైంది. పొద్దున్నే క్లాసుకని తయారవడం, బస్సెక్కడం, కిటికీకి తల ఆనించడం. వేళకి దిగి ఇంటికి రావడం. "ఎలా ఉంది పిన్నీ క్లాసు?" అని బొంగరం అడిగితే "దివ్యంగా ఉంది" అనడం. పుస్తకం తెరిస్తే అక్షరాలు చీమల్లా పాకేవి. ఆకలి చచ్చిపోయింది. నిద్రలో పళ్ళు కొరుకుతున్నట్టు పొద్దున లేచాక దవడ నొప్పి వల్ల తెలిసేది. ఇంత వయసొచ్చి చిన్నపిల్లలకి జడిసి పారిపోయిన దాన్ని అని ఎవరితో చెప్పుకోగలదు?

బొంగరంలోనూ ఏదో తేడా ఉందని ఆవిడ కంటికి ఆనకపోలేదు. ఆ పిల్ల గదిలోంచి బయటికి రావడం తగ్గింది. అన్నానికి పిలిస్తే ఆకలి లేదంటోంది, మంచం కింద మాత్రం బిస్కెట్ల కాగితాలు పోగుపడ్డాయి. తలదువ్వుకోవడం మానేసి టోపీ ఉన్న చొక్కా తగిలించుకుని తిరుగుతోంది. అడుగుదామని నోటిదాకా వచ్చేది. 'దాన్ని అడిగితే అది నన్ను అడుగుతుంది' అని ఊరుకునేది. ఓ కంట కనిపెట్టి ఉండటం అంటే ఇదా అని మనసు పొడిచేది.

ఒకరోజు బస్సులో ఆవిడ ముందు సీటులో ఎవరో నెత్తి మీదికి టోపీ లాక్కుని ముడుచుక్కూర్చున్నారు. కుదుపుకి టోపీ కాస్త జారి చెవి బయటపడింది. జీవితమంతా చెవులే చూసిన మనిషి కదా, పిన్ని ఇట్టే పోల్చుకుంది. పైఅంచు మడతపడి, ఎవరో చిటికెతో నొక్కినట్టుండే ఆ చెవి తమ నాన్నది. అక్కకీ రాలేదు, తనకీ రాలేదు. వచ్చింది బొంగరానికి ఒక్కదానికే.

"ఒసేయ్!" అంది గట్టిగా.

ఆ పిల్ల ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. ఇద్దరి మొహాల్లోనూ కత్తివేటుకి నెత్తుటి చుక్క లేదు.

"నీకిప్పుడు క్లాసు కదూ?" అన్నారిద్దరూ ఒకేసారి.

పిన్ని ముందు తేరుకుంది. "నేనంటే... కళ్ళడాక్టరు దగ్గరికి వెళ్తున్నాను."

"ఈ బస్సు అటు వెళ్ళదు పిన్నీ."

"నీకెలా తెలుసే?"

"రోజూ ఎక్కుతున్నాగా" అని బొంగరం నాలిక కరుచుకుంది.

"రోజూనా? మరి నాకెప్పుడూ కనబడలేదే!" అని పిన్నీ నాలిక కరుచుకుంది.

బస్సు ఒక మలుపు తిరిగింది. ముందు ఎవరు నవ్వారో తెలీదు గానీ, ఇద్దరికీ ఆపుకోలేనంత నవ్వు వచ్చింది. పక్కసీటు పెద్దాయన పేపరు దించి చూశాడు. పిన్ని పొట్ట పట్టుకుని, కళ్ళు తుడుచుకుంటూ చూస్తే, బొంగరం నవ్వడం ఎప్పుడో ఆపేసింది. భుజాలు మాత్రం కదులుతున్నాయి. ఏడుస్తోంది.

"దిగుదాం పద" అంది పిన్ని.

దిగిన చోట టైర్ల దుకాణం, దాని ముందు ఓ బల్ల ఉన్నాయి. కుర్రాళ్ళు గాలి కొడుతున్నారు, సుత్తులు మోగుతున్నాయి. ఆ చప్పుడే మేలైంది. ఎవరికీ వినబడదని ధైర్యంగా మాట్లాడుకోవచ్చు.

"బళ్ళో నేనే ఫస్టు పిన్నీ" అంది బొంగరం. "ఇక్కడ అందరూ వాళ్ళ వాళ్ళ బళ్ళో ఫస్టే. ఒక పేపర్లో ఏం చెప్తున్నారో బొత్తిగా ఎక్కట్లేదు. అడగాలంటే సిగ్గు. రాత్రంతా ఫోను చూస్తూ కూర్చుంటా, పొద్దున లేవలేను. లేవలేదు కాబట్టి క్లాసుకెళ్ళను, వెళ్ళలేదు కాబట్టి ఇంకా అర్థం కాదు. అమ్మేమో ఫోన్లో, నా బంగారుతల్లి ఎలా చదువుతోందీ అంటుంది. నేనేమో అదరగొట్టేస్తున్నా అంటాను." ఆగి, బల్ల చెక్క గోకుతూ, "ఒక్కోసారి అసలు నిద్రలేవకుండా ఉండిపోతే బావుణ్ణనిపిస్తుంది" అంది.

పిన్ని ఆ పిల్ల వైపు పూర్తిగా తిరిగింది. మాట దాటేయాలనిపించింది, కానీ దాటేయలేదు. ఆ పిల్ల చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"నన్ను సూటిగా అడగనీ. చచ్చిపోవాలనిపిస్తోందా తల్లీ?"

బొంగరం చాలాసేపు ఆలోచించింది. "లేదు పిన్నీ. అది కాదు. ఈ గొడవంతా అయిపోయేదాకా నిద్రపోవాలని, అంతే."

"ఎప్పుడైనా నిజంగా చచ్చిపోవాలనిపిస్తే, ఏ వేళైనా సరే వచ్చి నన్ను లేపు. నా మీద ఒట్టు."

"ఒట్టు" అంది బొంగరం. తర్వాత ముక్కు తుడుచుకుని, "మరి నీ సంగతేంటి?" అంది.

పిన్ని గులకరాళ్ళ భాగోతం అంతా చెప్పింది. అద్దంలో చూసుకున్న మొహం సంగతి కూడా చెప్పింది. బొంగరం ఆవిడ భుజం మీద తల పెట్టి, "నా మొద్దు పిన్నీ, నాతో చెప్పొచ్చుగా" అంది.

"నువ్వు చెప్పావా మరి?"

బొంగరం టోపీని మళ్ళీ కళ్ళ మీదికి లాక్కుంది.

యూనివర్సిటీ ఆరోగ్యకేంద్రం లైబ్రరీ వెనకాల ఉంది. బొంగరాన్ని అక్కడికి లాక్కెళ్ళాలని పిన్ని పంతం. నువ్వూ చూపించుకుంటానంటేనే కదులుతానని బొంగరం పంతం. చివరికి ఇద్దరూ వెళ్ళారు. కౌంటర్లో అమ్మాయి "ఎవరికండీ?" అనగానే పిన్ని బొంగరాన్నీ, బొంగరం పిన్నినీ చూపించారు. ఆ అమ్మాయి ఇద్దరి పేర్లూ రాసుకుంది.

ముందు డాక్టరు చూశాడు. పిన్నికి రక్తం తక్కువగా ఉందనీ, కళ్ళు తిరగడంలో సగం పాపం దానిదేననీ మాత్రలు రాశాడు. తర్వాత కౌన్సెలర్ ఒక్కొక్కరినీ విడివిడిగా పిలిచింది. ఆవిడకి భారీగా జలుబు చేసి ముక్కు ఎర్రగా ఉంది. ఏడ్చేవాళ్ళ కోసం బల్ల మీద పెట్టిన కాగితపు రుమాళ్ళన్నీ ఆవిడే వాడేస్తోంది. "ఏమనుకోకండి, ఇవాళ నా పరిస్థితే బాగాలేదు" అంటే పిన్నికి ఆవిడ మీద జాలేసి, ఉప్పునీళ్ళు పుక్కిలించమని సలహా ఇచ్చింది. ఆ చనువుతో తన సంగతి కూడా తేలిగ్గానే చెప్పేసింది.

కౌన్సెలర్ అంతా విని, "మీరు బయటికి వచ్చేశాక లోపల ఏం జరిగింది?" అని అడిగింది.

"ఏముంది, నవ్వుకుని ఉంటారు."

"ఉంటారా, నవ్వుకున్నారా?"

పిన్ని తెల్లమొహం వేసింది. ఇన్నాళ్ళూ ఆ నవ్వు చెవుల్లో మోగుతూనే ఉంది గానీ, నిజానికి ఆవిడ విన్నది ఒక్క కిసుక్కుమన్న చప్పుడు.

"ఎవరినైనా అడిగి చూడండి. తొందరేం లేదు. మళ్ళీ వచ్చినప్పుడు నాకు చెప్దురుగాని" అని కౌన్సెలర్ తుమ్మింది.

అడగడానికి పిన్నికి నాలుగైదు రోజులు పట్టింది. డిపార్టుమెంటు మెట్ల దగ్గర, ఆనాడు ఫోను ఎత్తిన అమ్మాయే ఎదురైంది. పిన్ని ఇంకా నోరు తెరవకముందే ఆ పిల్ల పరుగెత్తుకొచ్చింది. "ఏమైపోయారండీ? మీ సంచీ ఆఫీసులో దాచాం. మీ నంబరు ఎవరి దగ్గరా లేదు. ఎంత కంగారుపడ్డామో!"

"ఆ రోజు అందరూ నవ్వారా?" అని పిన్ని ఉన్నదున్నట్టు అడిగేసింది.

"నవ్వడమా? మీ తర్వాత నా వంతు. భయంతో ఫోన్లో టైము చూసుకుంటూ కూర్చున్నా. నాకు కంగారులో వెక్కిళ్ళు పట్టుకున్నాయి. సార్ చివరికి క్లాసే వదిలేశారు."

కిసుక్కుమన్నది వెక్కిలి! పిన్ని మెట్టు మీద కూలబడి, ఆ పిల్లని పక్కన కూర్చోబెట్టుకుంది. ఆ అమ్మాయి సంచీ తెస్తానని లేచినా చాలాసేపు వెళ్ళనివ్వలేదు.

అక్కకి చెప్పడమే అన్నిటికంటే కష్టమైంది. వంటింటి బల్ల మీద ఫోను మధ్యలో పెట్టి, నువ్వు చెప్పంటే నువ్వు చెప్పంటూ కాసేపు కొట్టుకున్నారు. ఆఖరికి బొంగరం కళ్ళు గట్టిగా మూసుకుని అంతా గుక్కతిప్పుకోకుండా చెప్పేసింది. అవతల ఇస్త్రీ పెట్టె ఆవిరి బుస్సుమంటున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

"అక్కా, ఉన్నావా?" అంది పిన్ని.

"ఉన్నాను" అంది అక్క. "పిల్లని కనిపెట్టి ఉండమని నీకు చెప్పాను. పిన్నిని కనిపెట్టి ఉండమని దానికి చెప్పాను. ఇద్దరూ కలిసి నా చెవిలో పువ్వులు పెట్టారన్నమాట."

"నీక్కూడా చెప్పిందా?" అన్నట్టు పిన్ని బొంగరం వైపు చూసింది. బొంగరం తల ఊపింది.

ఆ వారాంతంలో అక్క దిగబడింది, ఒక చేతిలో సంచీ, ఇంకో చేతిలో ఇస్త్రీ పెట్టెతో. మనసు బాగాలేకపోతే ఆవిడ చేతులు ఊరుకోవు. వచ్చిన దగ్గర్నుంచీ ఇస్త్రీయే. చొక్కాలయ్యాయి, దుప్పట్లయ్యాయి, తలగడ గలీబులయ్యాయి. కిటికీ తెరలు కూడా దించేసింది. ఎవర్నీ ఏమీ అనదు. ఆ మౌనానికి ఇద్దరికీ తల ప్రాణం తోకకొచ్చింది.

వంట తుండుగుడ్డ ఇస్త్రీ చేస్తూండగా ఆవిడ చెయ్యి ఆగింది. "దుకాణానికొచ్చిన ప్రతివాళ్ళకీ నీ గురించే చెప్తాను" అంది కూతురితో, తలెత్తకుండా. "వాళ్ళు అడక్కపోయినా చెప్తాను. అది నీకు బరువైందా?"

బొంగరం కాలి బొటనవేలు చూసుకుంటూ, "కాస్త" అంది.

"సరే, మానేస్తాను." తుండుగుడ్డ మడత పెట్టింది. ఇంకోటి తీసుకుంది. "పూర్తిగా మానలేనేమో. తగ్గిస్తాను."

అప్పుడు బొంగరం వెళ్ళి తల్లిని వెనకనుంచి వాటేసుకుంది. అక్క కళ్ళల్లో నీళ్ళు తుండుగుడ్డ మీద పడితే, వాటి మీదనే పెట్టె పోనిచ్చి, "ఆ పక్క నిలబడవే, కాలుతుంది" అని కసురుకుంది. పిన్ని టీ పెట్టే నెపంతో పొయ్యి వైపు తిరిగిపోయింది. అక్క తిరిగి వెళ్ళేసరికి ఇంట్లో మడత లేని గుడ్డంటూ మిగల్లేదు.

ఆ రోజుతో అంతా చక్కబడిపోయిందంటే అబద్ధమే అవుతుంది. బొంగరం అర్థంకాని పేపరుని ఈసారికి వదిలేసి వచ్చే ఏడు రాస్తానని తన మాస్టారితో మాట్లాడుకుంది. అందుకు సంతకం పెట్టి వచ్చిన రోజు, ఓడిపోయానంటూ అన్నం ముట్టలేదు. ఫోన్లు రెండూ చీకటి పడ్డాక వంటింట్లో గిన్నెల అరలో పడుకోవాలని ఒప్పందమైతే, దాన్ని మొదట తప్పింది పిన్నే. రాళ్ళ వీడియోలు చూస్తూ దుప్పటి కింద దొరికిపోయింది. పొద్దున్నే ఇద్దరూ కాలవగట్టు మీద నడవాలనుకున్నారు. వాన పడితే మానేశారు, మబ్బు పట్టినా మానేశారు, ఒక్కోసారి మబ్బు పడుతుందేమోననీ మానేశారు. అయినా నడిచిన రోజులే ఎక్కువ.

ఒక పొద్దున బొంగరం దుప్పటి ముసుగులోంచి బయటికి రాలేదు. "ఇవాళ నావల్ల కాదు పిన్నీ" అంది. మొదట్లో అయితే పిన్ని బుజ్జగించేదో, కసురుకునేదో. ఆ రోజు మంచం అంచున కూర్చుని, దుప్పటి మీంచే వీపు నిమిరింది. "సరే. క్లాసు సంగతి తర్వాత చూద్దాం. లేచి మొహం కడుక్కుని బల్ల దగ్గరికి రాగలవా? అంతే అడుగుతున్నా." చాలాసేపటికి దుప్పటి కదిలింది. ఆ పిల్ల వచ్చి, ఉడికించిన గుడ్డు తిని, మళ్ళీ పడుకుంది. మధ్యాహ్నం తనే లేచి కౌన్సెలర్ దగ్గరికి ఒంటరిగా వెళ్ళొచ్చింది. ఆవిడ జలుబు తగ్గిందట.

పిన్ని కూడా తన సారుని కలిసింది. నిలబడి మాట్లాడాలంటే గొంతు పట్టేస్తోందని దాచకుండా చెప్పింది. "బోర్డు ముందే నిలబడాలని రూలేం లేదండీ" అన్నాడాయన. "ప్రయోగశాలలో బల్ల చుట్టూ కూర్చుందాం. మీరు రాళ్ళు చేతికివ్వండి, చూస్తూ మాట్లాడుకుందాం." ఇంత తేలిగ్గా ఒప్పుకుంటాడని తెలిస్తే ఊరి చుట్టూ అన్నిసార్లు తిరిగేదాన్ని కాదు కదా అనుకుంది పిన్ని.

పిన్ని వంతు వచ్చిన రోజు బొంగరం తోడొస్తానంది. తలదువ్వుకుని, అక్క ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని, ప్రయోగశాల వెనక మూల కిటికీ దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుంది. పిన్ని తన సంచీలోంచి ఒక్కో గులకరాయీ తీసి పిల్లల చేతుల్లో పెట్టింది. మొదటి మాటకి గొంతు వణికింది. రెండో మాటకీ వణికింది. "నాకు కాస్త భయంగా ఉంది, మీరంతా రాయి వైపు చూడండి, నా వైపు చూడకండి" అనేసింది. అందరూ బుద్ధిగా రాళ్ళ వైపు చూశారు. వెక్కిళ్ళమ్మాయి తన చేతిలో రాయిని వెలుగుకి పెట్టి, "ఈ తెల్లచార ఎలా వచ్చింది?" అని అడిగింది. దానికి జవాబు చెప్పడంలో పడి పిన్ని భయం సంగతి మర్చిపోయింది. మధ్యలో ఒకచోట తడబడి, కాగితం చూసుకుని, మళ్ళీ అందుకుంది. ఓ ప్రశ్నకి "నాకు తెలీదు, చదివి చెప్తాను" అంది. సారు తల ఊపి పుస్తకం పేరు చెప్పాడు. గంట మోగింది.

అందరూ వెళ్ళాక పిన్ని వెనక్కి తిరిగి చూస్తే, బొంగరం గోడకి తల ఆనించి, నోరు కాస్త తెరిచి, ఆదమరిచి నిద్రపోతోంది. ఎప్పట్నుంచి నిద్రపోతోందో ఏమో. కిటికీలోంచి ఎండ ఒళ్ళో పడుతోంది. చేతిలో ఫోను లేదు, మొహంలో కంగారు లేదు.

పిన్ని చప్పుడు కాకుండా ఇంకో కుర్చీ తెచ్చుకుని పక్కన కూర్చుంది. గది తాళం వేయడానికి వచ్చిన అటెండరు గుమ్మంలో ఆగితే, కాసేపు ఆగమని చేత్తో సైగ చేసింది. అతను తల ఊపి పక్కగదికి వెళ్ళాడు.

కొంతసేపటికి బొంగరం ఉలిక్కిపడి లేచింది. "అయిపోయిందా? అయ్యో! ఎలా చెప్పావు పిన్నీ?"

"నీ గురకకి అడ్డం రాకుండా చెప్పాను."

"నేను గురక పెట్టానా?"

"లేదులేవే" అంది పిన్ని, ఆ పిల్ల చెంప మీద పడిన గోడ గీతల్ని వేలితో తుడుస్తూ. "ఆకలేస్తోందా?"

"వేస్తోంది" అంది బొంగరం, అది కొత్త సంగతైనట్టు.